నేషనల్ ట్రస్ట్ ఫ్యామిలీ మెంబర్‌షిప్: పిల్లలు పెరిగేదాకా వాడి చూశాక

ఇంగ్లండ్‌లో రెడింగ్ వైపు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి ఇల్లు, స్కూలు, ఇండియన్ షాపు కుదిరాక వచ్చే ప్రశ్న ఒకటుంది: "నేషనల్ ట్రస్ట్ తీసుకోమంటారా, వద్దా?" మా పెద్దాడు రిసెప్షన్‌లో (ఇక్కడి స్కూళ్ళలో మొట్టమొదటి క్లాసు) ఉన్నప్పుడు తీసుకున్నాం. ఇప్పుడు వాడు సెకండరీ స్కూల్లో ఉన్నాడు, గొంతు మారుతోంది, జనంలో మా పక్కన నడవడానికి నామోషీ పడుతున్నాడు. మధ్యలో ఒక్క ఏడాది కూడా ఆపకుండా వాడాం కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది ప్రభుత్వ శాఖ కాదు, చారిటీ. 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే ముగ్గురు మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఆల్‌ఫ్రిస్టన్ అనే ఊళ్ళో కూలిపోతున్న ఒక పాత పూరింటిని పది పౌండ్లకి కొన్నారు. వాళ్ళు కొన్న మొదటి కట్టడం అదే. ఇవాళ వాళ్ళ చేతిలో దొరల భవనాలు, తోటలు, అడవులు, కొండలు, వందల మైళ్ళ సముద్రతీరం ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ వీళ్ళవి. మెంబర్‌షిప్ కార్డు ఉంటే వీటిలోకి టికెట్ కొనక్కర్లేదు. స్కాట్లండ్‌ది వేరే ట్రస్ట్, అయినా ఈ కార్డు అక్కడా చెల్లుతుంది.

ఇద్దరు పెద్దవాళ్ళకి, పదిహేడేళ్ళ వరకూ పిల్లలకి కలిపి ఫ్యామిలీ కార్డు ఏడాదికి 150 పౌండ్లు దాటేసి చాన్నాళ్ళయింది. దాదాపు ఏటా కొంచెం పెంచుతూనే ఉంటారు కాబట్టి ఇవాళ్టి ధర వాళ్ళ సైట్‌లో చూసుకోండి. ఒక్కరే పెద్ద ఉన్న ఇంటికి ఇంకా తక్కువ. అయిదేళ్ళ లోపు పిల్లలకి ఎలాగూ టికెట్ లేదు, కాబట్టి చంటిపిల్లలు మాత్రమే ఉన్నవాళ్ళు ఫ్యామిలీ కార్డు కోసం తొందరపడక్కర్లేదు.

ఇక నా అభిప్రాయం. క్లివ్‌డెన్ లాంటి పెద్ద చోటికి నలుగురం టికెట్ కొనుక్కుని వెళ్తే యాభై పౌండ్లకి అటూ ఇటూ అవుతుంది. అంత పోశాక పైసా వసూల్ చేయాలనిపిస్తుంది కదా. చిన్నది ఏడుస్తున్నా, చినుకులు పడుతున్నా, గేటు మూసేదాకా ఈడ్చుకుంటూ తిరుగుతాం. కార్డు ఉంటే ఆ టెన్షన్ ఉండదు. ఆదివారం భోజనాలయ్యాక రెండింటికి బయల్దేరి, గంటన్నర తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరి యూనిఫామ్‌లు ఇస్త్రీ చేసుకోవచ్చు. దిగిన పది నిమిషాలకే వాన దంచి కొడితే మళ్ళీ కారెక్కేయొచ్చు, ఏదో పోగొట్టుకున్నట్టు ఉండదు. ఈ దేశపు వాతావరణానికి ఇంతకంటే పనికొచ్చే సౌకర్యం నాకు కనపడలేదు. ఏడాదికి మూడు నాలుగు పెద్ద ట్రిప్పులు వేసేవాళ్ళకి డబ్బులు తిరిగొస్తాయేమో గానీ, కార్డు సుఖం తెలిసేది మాత్రం దగ్గరున్న ఒకటి రెండు చోట్లకి మాటిమాటికీ పోయేవాళ్ళకే.

మాకు ఆ చోటు బాజిల్డన్ పార్క్ అనే ఎస్టేటు. ప్యాంగ్‌బోర్న్ దాటగానే వస్తుంది. ఫిబ్రవరిలో స్నోడ్రాప్‌లు, ఏప్రిల్ చివర బ్లూబెల్స్, ఎండాకాలం సెలవుల్లో గడ్డి మీద దొర్లడం, సెప్టెంబరు నుంచి కాంకర్‌లు ఏరుకోవడం. కాంకర్ అంటే హార్స్ చెస్ట్‌నట్ చెట్టు గింజ, చాక్లెట్ రంగులో నున్నగా ఉంటుంది, తినేది కాదు. దానికి కన్నం పెట్టి తాడు కట్టి ఒకరి గింజని ఇంకొకరు కొట్టి పగలగొట్టడం ఇక్కడి పిల్లల ఆట. ఆ నెలలో వాషింగ్ మెషీన్‌లో ప్యాంట్లు వేసేముందు జేబులు తడుముకోవాల్సిందే. బ్లూబెల్స్‌కి మాత్రం హెన్లీ దగ్గర గ్రేస్ కోర్ట్ ఇంకా బాగుంటుంది. అయ్యా, ఫొటోల కోసం పిల్లల్ని లంగా వోణీల్లో ఆ పూల మధ్యన కూర్చోబెట్టకండి. తొక్కితే ఆ మొక్కలు కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. దారి పక్కన నిలబడినా ఫొటో వస్తుంది.

పిల్లలకి భవనాల లోపల ఏముంటుంది అంటే, నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. బట్టలు, తివాచీలు వెలిసిపోకుండా కిటికీలకి తెరలు దించి ఉంటాయి, గదులు మసకగా ఉంటాయి. ఏదీ ముట్టుకోకూడదు. పాత కుర్చీల మీద ఎవరూ కూర్చోకుండా ఎండిన ముళ్ళ కాయలో, పైన్ కాయలో పెడతారు. మా చిన్నదానికి మొత్తం ఇంట్లో నచ్చింది ఆ ముళ్ళ కాయలే. అయితే ప్రతి గదిలోనూ ఒక పెద్దాయనో పెద్దావిడో వాలంటీర్‌గా కూర్చుని ఉంటారు. వాళ్ళని కదిపితే చాలు, బోర్డుల మీద లేని కబుర్లన్నీ చెప్తారు. పిల్లలు అడిగితే మరీ సంబరం. ఈస్టర్‌కీ హాలోవీన్‌కీ క్రిస్మస్‌కీ ట్రెయిల్స్ (గుర్తులు వెతుక్కుంటూ నడిచే ఆటలు) పెడతారు, పిల్లలకి చివర్లో చాక్లెట్టో బహుమతో ఇస్తారు. వాటికి మెంబర్లైనా వేరే డబ్బు కట్టాలి. తోటలో దుంగల మీద నడవడం, కర్రలు ఆనించి గుడిసెలు కట్టడం లాంటివి ఉచితం, వాటికే మావాళ్ళు ఎక్కువ అతుక్కుపోయేవారు.

2012లో ట్రస్ట్ వాళ్ళు 'పదకొండు ముప్పావు ఏళ్ళు నిండేలోగా చేయాల్సిన యాభై పనులు' అని ఒక జాబితా తెచ్చారు. చెట్టెక్కడం, పెద్ద దిబ్బ మీంచి దొర్లడం, నీటి మీద రాయి విసిరి గెంతులేయించడం, ఇలాంటివి. మా నాన్నగారు దాన్ని ఆసాంతం చదివి, "వీటిలో సగం పనులు చేసినందుకే కదురా మా అమ్మ నన్ను తన్నేది" అన్నారు మనవడితో.

ఆయన సంగతి వచ్చింది కాబట్టి, ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చేవాళ్ళు ఇది గమనించండి. ఫ్యామిలీ కార్డులో వాళ్ళు రారు. భవనాలకి వెళ్తే వాళ్ళకి టికెట్ కొనాలి. కొనేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ ధర, మామూలు ధర అని రెండు కనిపిస్తాయి. గిఫ్ట్ ఎయిడ్ అంటే మనం కట్టిన టాక్స్‌లో కొంత చారిటీకి వెళ్ళే ఏర్పాటు, అది ఇక్కడ టాక్స్ కట్టేవాళ్ళకే, విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకి మామూలు ధర టికెట్ తీసుకోండి. అసలు టికెట్టే లేని చోట్లు బోలెడున్నాయి. ఏవ్‌బరీలో రాళ్ళ వలయం చూడటానికి డబ్బులు లేవు, కారు పెట్టుకోవడానికే. కార్డు ఉంటే అదీ లేదు. స్టోన్‌హెంజ్‌లో మామూలు టికెట్‌తో వెళ్తే తాడు ఇవతలే నిలబడాలి, ఏవ్‌బరీలో రాళ్ళని చేత్తో ముట్టుకోవచ్చు, వాటి మధ్య గొర్రెలు మేస్తుంటాయి, వలయం లోపలే ఊరు కూడా ఉంది. మా అత్తయ్యగారు చుట్టూ ప్రదక్షిణ చేసినంత పని చేశారు. (స్టోన్‌హెంజ్‌ని నడిపేది ఇంగ్లిష్ హెరిటేజ్ అనే వేరే సంస్థ అయినా, ఇంగ్లండ్‌లో తీసుకున్న నేషనల్ ట్రస్ట్ కార్డుతో అక్కడా ప్రవేశం ఉచితమే.) అఫింగ్టన్ తెల్ల గుర్రం కూడా అంతే, కారు పెట్టి నడవడమే. సుద్దకొండ మీద మూడు వేల ఏళ్ళ నాడు చెక్కిన బొమ్మ. పక్కనే నిలబడితే ఏం బొమ్మో అర్థం కాదు, గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది. చలికోటు లేకుండా పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి.

నాన్నగారికి టికెట్ కొని తీసుకెళ్ళిన వాటిల్లో ఆయన మనసు పెట్టి చూసింది బాజిల్డన్ భవనమే. దాన్ని కట్టించినాయన ఫ్రాన్సిస్ సైక్స్. ఈస్టిండియా కంపెనీ తరఫున బెంగాల్ వెళ్ళి, ముర్షిదాబాద్‌లో నవాబు దర్బారు దగ్గర కంపెనీ మనిషిగా ఉండి, బాగా వెనకేసుకుని వచ్చి 1771లో ఈ ఎస్టేటు కొన్నాడు. "1765లోనే కదమ్మా వీళ్ళకి బెంగాల్ దివానీ, అంటే పన్నులు వసూలు చేసే హక్కు, దొరికింది. మన ఉత్తర సర్కార్ల ఫర్మానా కూడా ఆ ఏడే" అని మొదలుపెట్టారు నాన్నగారు, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. గదిలో ఉన్న వాలంటీర్ పెద్దాయన శ్రద్ధగా విని, తనకి తెలిసింది తను చెప్పాడు. మెట్ల మీదికి వచ్చాక నాన్నగారు రాతి స్తంభాన్ని తట్టి, "గట్టిగానే కట్టాడు మన డబ్బుతో" అన్నారు. ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. వలస పాలనతో, బానిస వ్యాపారంతో సంబంధం ఉన్న 93 చోట్ల గురించి ట్రస్టే 2020లో ఒక నివేదిక వేసింది, దాని మీద ఇక్కడ పెద్ద గొడవ కూడా జరిగింది. నా మటుకు నాకు ఆ సంగతులు బోర్డు మీద రాసి ఉంటేనే ఆ గదుల్లో తిరగాలనిపిస్తుంది.

డబ్బు లెక్కలో కార్డు నిజంగా కాపాడేది కార్ పార్కుల్లో. దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. సెవెన్ సిస్టర్స్ సుద్దకొండలకి వెళ్ళేవాళ్ళు బర్లింగ్ గ్యాప్‌లో, డోర్సెట్ వెళ్ళేవాళ్ళు స్టడ్‌లండ్ బీచ్‌లో, లేక్ డిస్ట్రిక్ట్‌లో టార్న్ హౌజ్ చెరువు లాంటి చోట్ల పార్కింగ్ ట్రస్ట్‌దే. మెషీన్ దగ్గర కార్డు స్కాన్ చేస్తే సరి. ఎండాకాలం బీచ్ దగ్గర రోజంతా పార్కింగ్ ఎంతో బోర్డు చూస్తే తెలుస్తుంది. అయితే అందమైన ప్రతి చోటూ వీళ్ళది కాదు. డర్డల్ డోర్ అనే సముద్రపు ఒడ్డు రాతి కమాను ఒక ప్రైవేటు ఎస్టేటుది, అక్కడ ఈ కార్డు పనికిరాదు, డబ్బు కట్టాల్సిందే. స్టడ్‌లండ్ గురించి ఇంకో మాట: ఇసుకలో నడుచుకుంటూ దూరం వెళ్తే దిగంబరంగా స్నానం చేసేవాళ్ళకి కేటాయించిన భాగం ఒకటి వస్తుంది. ముందు బోర్డు ఉంటుంది. అత్తమామలతో వెళ్ళినవాళ్ళు బోర్డులు చదువుతూ నడవండి. బర్లింగ్ గ్యాప్‌లో అంచు దగ్గర నిలబడి సెల్ఫీలు తీసుకునే మనవాళ్ళని చూస్తే మాత్రం నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఆ సుద్ద ఎప్పుడు పడితే అప్పుడు విరిగి కూలుతుంది, కింద ఖాళీగా ఉన్న సంగతి పైనుంచి కనిపించదు.

తిండి సంగతి. ఇంటి నుంచి తెచ్చుకుని గడ్డి మీద కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమనరు. మేం పులిహోర, పెరుగన్నం, పిల్లలకి చపాతీ రోల్స్, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్తాం. కెఫేలో శాకాహారులకి సాధారణంగా సూపు, బీన్స్ వేసిన కాల్చిన బంగాళాదుంప, చీజ్ స్కోన్ (బన్ను లాంటిది) దొరుకుతాయి. నలుగురు టీలు, కేకులు అంటూ కూర్చుంటే కార్డు మిగిల్చినదంతా అక్కడే ఖర్చయిపోతుంది. మా ఇంట్లో రూలు: ఒక పెద్ద స్కోన్, నలుగురూ పంచుకోవాలి. జామ్ ముందా క్రీమ్ ముందా అని డెవన్, కార్న్‌వాల్ జిల్లాల వాళ్ళు కొట్టుకుంటారు గానీ, మా చిన్నది రెండూ వేలితో నాకేసి స్కోన్ వదిలేస్తుంది.

బురద గురించి చెప్పకపోతే మోసం చేసినట్టే. నవంబరు నుంచి మార్చి దాకా అడుగు తీసి అడుగు వేయలేరు. ఇంట్లో అందరికీ మోకాలి దాకా వచ్చే వెల్లీ బూట్లు కొనండి, కారు డిక్కీలో ఒక పాత దుప్పటి, మార్చుకోవడానికి సాక్సులు ఎప్పుడూ ఉంచండి. చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది, చాలా భవనాలు ఆ నెలల్లో మూసి ఉంటాయి లేదా కొన్ని గదులే తెరుస్తారు. బయల్దేరే ముందు ఆ రోజు ఏం తెరిచి ఉందో సైట్‌లో చూడటం అలవాటు చేసుకోండి.

నడక మాత్రమే కావాలంటే అసలు ఏ కార్డూ అక్కర్లేదు. ఊళ్ళ చుట్టూ పొలాల మీదుగా పోయే పబ్లిక్ ఫుట్‌పాత్‌లు అందరివీ. పసుపు బాణం ఉంటే నడకకి, నీలి బాణం ఉంటే సైకిలుకీ గుర్రానికీ కూడా. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, దూడలున్న ఆవుల దగ్గరికి పోకూడదు, చీర కట్టుకుని కంచె మెట్లు దాటే సాహసం చేయకూడదు. మా అమ్మ ఒక్క ట్రిప్పుతో డ్రెస్సులకి మారిపోయింది.

ఎవరికి వద్దంటానంటే, కారు లేనివాళ్ళకి. రైలు, బస్సు దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి గానీ, ఆదివారం పల్లె బస్సులని నమ్ముకోలేం. కోటలు, శిథిలాలు, కత్తులు అంటే పడి చచ్చే పిల్లలున్నవాళ్ళు ముందు ఇంగ్లిష్ హెరిటేజ్ చూడండి. డోవర్ కోట దాంట్లోకే వస్తుంది, పెద్దవాళ్ళ కార్డు మీద పిల్లలకి ఉచితం. తోటలు, చెట్లు, పరిగెత్తడానికి జాగా కావాలంటే నేషనల్ ట్రస్టే.

మా పెద్దాడు ఇప్పుడు పిలిస్తే రాడు, వచ్చినా ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటాడు. చిన్నది ఇంకా ప్రైమరీలో ఉంది, దానికోసం ఈసారి కూడా రెన్యువల్ చేశాం. అది కూడా పెద్ద స్కూలుకి వెళ్ళాక ఫ్యామిలీ కార్డు ఆపి, కార్ పార్కుల కోసం మా ఆయన ఒక్కడి పేరున తీసుకుంటే సరిపోతుందా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. ఆయన సరిపోతుందంటారు, నేను ఒప్పుకోలేదు.