చిన్న బిడ్డతో విమానం: ఒడి మేలా, కార్ సీటు మేలా, కేర్స్ పట్టీ మేలా?

పాలమూరు నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు 44వ నంబరు హైవే మీద దాదాపు 80 కిలోమీటర్లు. నల్లగొండ నుంచైతే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట కాడ ఔటర్ ఎక్కి పోతే వంద దాటుతుంది. అక్కడ విమానం, దోహాలోనో దుబాయ్‌లోనో ఇంకో విమానం, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో దిగినంక మళ్లీ కారు. కార్ సీటు తీసుకుపోవాలా వద్దా అని అడిగేవాళ్లు నడిమి విమానం సంగతే అడుగుతారు. బిడ్డకు ఎక్కువ ముప్పు ఉన్నది మాత్రం రెండు కొసల్లోని రోడ్డు మీద. అందుకని ఇక్కడ ఒడి, ఊయల, కార్ సీటు, విమానం సీటుకే బిగించే కేర్స్ పట్టీ, ప్రతిదాన్నీ రెండు ప్రశ్నలతో తూచాం: విమానంలో పట్టి ఉంచుతుందా? దిగినంక కారులో పనికొస్తుందా?

ముందు ఒడి సంగతి. రెండేళ్లు నిండని బిడ్డను ఒడిలో పెట్టుకుని పోవచ్చు. అంతర్జాతీయ టికెట్లలో దీనికి సాధారణంగా పెద్దల ఛార్జీలో పదో వంతు, పైన పన్నులు. ఖర్చులో దీన్ని మించింది లేదు. కానీ తల్లి చేతుల బలం మీద లెక్క వేసుకోవద్దు. 10 కిలోల బిడ్డ, మూడు రెట్ల బరువు పడే కుదుపు వస్తే ఆ క్షణంలో 30 కిలోలవుతాడు. అదీ నిద్రమత్తులో, చెప్పకుండా వచ్చే కుదుపులో. ఎంత గట్టిగా పట్టుకున్నా ఆగదు.

మన దేశపు విమానాల్లో, గల్ఫ్ విమానాల్లో ఒడిలో బిడ్డకని ఒక చిన్న బెల్టు ఇస్తారు. దాన్ని తల్లి బెల్టుకు తగిలించి బిడ్డ నడుముకు పెడతారు. గాలి కుదుపులో బిడ్డ పైకి ఎగరకుండా అది ఆపుతుంది, ఇస్తే తప్పక పెట్టుకోండి. కానీ విమానం గట్టిగా ఆగినప్పుడు పెద్దమనిషి ఒళ్లు ముందుకు వంగుతుంది, బిడ్డ ఆ ఒంటికీ బెల్టుకూ మధ్య నలుగుతాడు. ఈ కారణంతోనే అమెరికా విమానాల్లో ఆ బెల్టును వాడనివ్వరు. ఒకే బెల్టును తల్లీబిడ్డా ఇద్దరికీ కలిపి చుట్టడం ఇంకా ప్రమాదం. అది ఎప్పుడూ చేయవద్దు.

ఇదేదో ఊహించి చెప్పే భయం కాదు. 1989 జులై 19న యునైటెడ్ 232 విమానం అయోవాలోని సూ సిటీలో కూలింది. అందులో ఒడిలో ప్రయాణిస్తున్న పసివాళ్లు నలుగురు. అప్పటి నియమం ప్రకారం వాళ్లను నేల మీద పెట్టి పట్టుకొమ్మని తల్లిదండ్రులకు చెప్పారు. ఒక బిడ్డ చనిపోయాడు. అలా చెప్పవలసి వచ్చిన ప్రధాన అటెండెంట్ జాన్ బ్రౌన్, పసివాళ్లకూ సొంత సీటు, సొంత పట్టీ ఉండాలని ఆ తరువాత ఏళ్ల తరబడి కొట్లాడారు. అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1990 నుంచి ఇదే అడుగుతున్నది. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మాత్రం 2005లో తప్పనిసరి చేయబోమని తేల్చింది. టికెట్ భారమైతే జనం కార్లలో పోతారు, రోడ్డు మీద ఇంకా ఎక్కువ మంది పిల్లలు చనిపోతారు అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క మన హైవేలు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. అయినా బిడ్డను కార్ సీటులో కూర్చోబెట్టడమే మేలని ఎఫ్‌ఏఏ కూడా సలహా ఇస్తుంది.

ఊయల, అంటే బాసినెట్, ముందు గోడకు బిగించే తొట్టి. దూర ప్రయాణాల్లో దొరుకుతుంది, బరువు పరిమితి చాలా చోట్ల 10, 11 కిలోల దగ్గర. తల్లి చేతులకు విశ్రాంతి, అంతవరకే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, కుదుపు లైటు వెలిగినప్పుడు బిడ్డను తీసి ఒడిలోకి తెచ్చుకోవాలి. నిద్రపోయిన బిడ్డను రాత్రంతా నాలుగైదు సార్లు లేపవలసి రావచ్చు. దీన్ని భద్రత కింద లెక్క వేయకండి.

ఇక కార్ సీటు. చెప్పవలసింది ఎక్కువ ఇక్కడే, డబ్బు పోగొట్టుకునేది కూడా ఇక్కడే.

విమానం బెల్టు నడుముకు మాత్రమే ఉంటుంది. భుజం మీదుగా వచ్చే పట్టీ ఉండదు, కార్ సీటును బెల్టు లేకుండా నేరుగా తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉండవు, సీటు వెనక పై పట్టీ కట్టే కడ్డీ ఉండదు. మన దగ్గర దుకాణాల్లో దొరికే సీట్లు చాలా వరకు యూరప్ ప్రమాణాలైన ఆర్44, ఆర్129 ప్రకారం తయారైనవి. వాటిలో ఎక్కువ వాటికి మూడు చోట్ల బిగిసే బెల్టో, ఐసోఫిక్సో తప్పనిసరి. పసిబిడ్డ సీటుకైతే నడుము పట్టీ బిడ్డ కాళ్ల వైపు, భుజం పట్టీ సీటు వీపు చుట్టూ పోవాలి. విమానంలో ఆ రెండో పట్టీ లేదు కాబట్టి సీటు నిలవదు. కొన్ని యూరప్ సీట్ల మీద విమానంలో వాడవచ్చని జర్మనీ తనిఖీ సంస్థ టూఫ్ ముద్ర ఉంటుంది, అవి వేరు.

అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన, లోపల సొంత పట్టీలున్న సీట్లు నడుము బెల్టు ఒక్కదానితో కూడా బిగుస్తాయి. డొల్ల, అంటే సీటు గట్టి ప్లాస్టిక్ ఒళ్లు, పక్కనో వెనకో స్టిక్కరు మీద ఎర్ర అక్షరాల్లో 'దిస్ రిస్ట్రెయింట్ ఈజ్ సర్టిఫైడ్ ఫర్ యూజ్ ఇన్ మోటార్ వెహికల్స్ అండ్ ఎయిర్‌క్రాఫ్ట్' అని, అంటే కార్లలోనూ విమానాల్లోనూ వాడవచ్చని, ఉండాలి. గేటు దగ్గర సిబ్బంది వెతికేది ఆ వాక్యాన్నే. స్టిక్కరు ఊడిపోతే సీటు మంచిదైనా వాదన మొదలవుతుంది, కాబట్టి ముందే ఫోటో తీసి పెట్టుకోండి. వీపు లేని బూస్టరుకు, అంటే బిడ్డ ఎత్తు పెంచే పీటకు, ఈ ముద్ర ఉండదు, విమానం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దాన్ని వాడనివ్వరు.

ఇంకో మాట. ఇక్కడ కొన్న యూరప్ ప్రమాణపు సీటు అమెరికా రోడ్ల మీద చట్టప్రకారం చెల్లదు, అక్కడి ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 213 వేరు. అమ్మమ్మ ముచ్చటపడి హైదరాబాద్‌లో కొనిచ్చిన సీటు ఊళ్లో కారుకు బాగుంటుంది, అమెరికా పెట్టెలోకి వద్దు. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే కుటుంబం తమ సీటును వెంట తెచ్చుకుంటే అక్కడి కారు, విమానం, ఇక్కడి కారు, మూడు చోట్లా పనికొస్తుంది.

వెడల్పు 40 సెంటీమీటర్లకు, అంటే 16 అంగుళాలకు మించకపోతే చాలా విమానాల్లో పడుతుంది. రెండు చేతి దిమ్మెల మధ్య ఉండేది 17, 18 అంగుళాలు. కొనేటప్పుడు కప్పు పెట్టే చెవులను కూడా కలిపి కొలవండి, ఇరుక్కునేది అవే. బరువు 4, 5 కిలోలు ఉన్న సాదా సీటు చాలు. 11 కిలోల మెత్తటి సీటు మోసుకుని దోహాలో గేటు నుంచి గేటుకు ఉరికితే ఆ మెత్తదనం విలువ ఎంతో తెలుస్తుంది.

బిగించే తీరు ఇది. కిటికీ సీటు తీసుకోండి, నడవా మూసుకుపోకూడదు కాబట్టి సిబ్బంది అక్కడే పెట్టమంటారు. అత్యవసర ద్వారం వరస, దాని ముందు వరస, వెనక వరస పనికిరావు. చేతి దిమ్మెను పైకి లేపి సీటు పెట్టండి. ముందుకు చూసే సీటైతే విమానం సీటును కాస్త వెనక్కి వాల్చి, బెల్టును కార్ సీటుకు ముందుకు చూసేందుకు గుర్తు పెట్టిన దారిలోనే దూర్చి, బకుల్ వేసి, మోకాలితో సీటును నొక్కుతూ బెల్టు కొసను లాగండి. ఆ తరువాత విమానం సీటును నిటారుగా లేపితే బెల్టు ఇంకో రవ్వ బిగుస్తుంది. బెల్టు దారి దగ్గర పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పై పట్టీ కట్టే చోటు విమానంలో ఉండదు, దాన్ని మడిచి సీటు వెనక కట్టేయండి.

ఇబ్బందులు మూడు చోట్ల వస్తాయి. ఒకటి, బకుల్ సరిగ్గా బిడ్డ వీపు కిందకు వచ్చి పడుతుంది. గుచ్చుకుంటుంది, దిగేటప్పుడు మూత లేవదు. బెల్టు వేసే ముందే మూత బయటి వైపుకు తెరుచుకునేలా బకుల్‌ను తిప్పి దూర్చాలి. అయినా వీపు కిందే వస్తే పొడిగింపు బెల్టు అడగండి, దానితో బకుల్ పక్కకు జరుగుతుంది. రెండు, వెనక్కి చూసే సీటు పెడితే ముందు సీటు వాలదు. ఆ సీటు మనిషికి ముందే మర్యాదగా చెప్పండి, లేదా అక్కడ మీ ఇంటివాళ్లనే కూర్చోబెట్టండి. పసిబిడ్డ సీటుకు వచ్చే కింది పీటను పెట్టెలో వేసేయండి, చాలా సీట్లు పీట లేకుండానే బెల్టుతో బిగుస్తాయి. మూడు, కొన్ని ముందు వరసల్లో, బిజినెస్ క్లాసులో బెల్టులోనే గాలిసంచి ఉంటుంది, దానితో కార్ సీటు కట్టకూడదు. టికెట్ కొనేటప్పుడే అడగండి.

అమెరికా కంపెనీ విమానంలో, బిడ్డ పేరున సీటు కొని ఉంటే, ముద్ర ఉన్న కార్ సీటును వాళ్లు కాదనలేరు. అది అక్కడి నియమం. మిగతా కంపెనీల్లో ఎవరి షరతులు వాళ్లవి. కొలతలు, సీటు మోడల్ రాసి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబును అచ్చు తీసి వెంట పెట్టుకోండి. ఫోనులో విన్న మాట గేటు దగ్గర చెల్లదు.

కేర్స్ అనేది కార్ సీటు కాదు, పట్టీల కట్ట. అర కిలో కూడా తూగదు, చేతిసంచిలో పడుతుంది. 10 నుంచి 20 కిలోల బరువు, 100 సెంటీమీటర్ల లోపు ఎత్తు ఉండి, సొంత సీటులో కూర్చునే బిడ్డకు. ఎర్ర పట్టీని విమానం సీటు వీపు చుట్టూ, వెనక వాళ్ల తినే బల్ల కిందుగా తిప్పి బిగించి, భుజం పట్టీల కింది ఉచ్చుల్లోంచి విమానం బెల్టును పోనిచ్చి, బకుల్ వేసి లాగాలి. రెండు నిమిషాల పని. రూపం ఒకటే ఉన్న నకిలీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఎఫ్‌ఏఏ ఆమోదం రాసి ఉన్న చీటీ పట్టీకి కుట్టి ఉందో లేదో చూడండి. లోపం ఏమంటే కాళ్ల నడుమ పట్టీ లేదు. బిడ్డ నిద్రలో కిందికి జారుతుంటాడు, నడుము బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. గంటకోసారి పైకి జరిపి బిగించాలి. పెద్ద లోపం, కారులో ఇది దేనికీ పనికిరాదు.

మా తీర్పు ఇట్లా. ఏడాది లోపు బిడ్డ, ఢిల్లీకో బెంగళూరుకో గంట, రెండు గంటల ప్రయాణం, బిడ్డకు వేరే టికెట్ కొనే స్తోమత లేకపోతే ఒడి, ఇచ్చే చిన్న బెల్టు. అమెరికా ప్రయాణమైతే, చేతనైతే రెండేళ్ల లోపు బిడ్డకైనా సొంత టికెట్, ఎర్ర అక్షరాల కార్ సీటు. రోజూ కూర్చునే సీటు కాబట్టి 15 గంటల విమానంలో బిడ్డ నిద్రపోయేది అందులోనే. రెండేళ్లు నిండి టికెట్ ఎట్లాగూ కొన్న బిడ్డకు, దిగిన చోట కారులో సీటు సిద్ధంగా ఉంటే కేర్స్. లేకపోతే కార్ సీటే. వెళ్లేటప్పుడు ఏడాదిన్నర ఉండి, తిరిగి వచ్చేసరికి రెండు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు తప్పనిసరి, ఆ టికెట్‌ను మొదటే కలిపి కొనండి.

సీటును సామానులో వేయవలసి వస్తే కొన్నప్పటి అట్టపెట్టెలోనే వేసి, మూలల్లో డైపర్లు కుక్కండి. చాలా కంపెనీలు పిల్లల సీటుకు ఛార్జీ తీసుకోవు. అవతల తీసుకున్నాక గుడ్డ ఎత్తి డొల్లనూ, లోపలి థర్మాకోల్‌నూ తడిమి చూడండి, పగులు కనిపిస్తే ఆ సీటు పని అయిపోయినట్టే. గడువు తేదీ కూడా డొల్ల మీదే అచ్చయి ఉంటుంది.

ఇక శంషాబాద్ నుంచి ఊరి తోవ. మన మోటారు వాహనాల చట్టంలోని 194బి ప్రకారం 14 ఏళ్ల లోపు బిడ్డకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కానీ అద్దెకారులో వెనక బెల్టు బకుల్ సీటు కవరు కింద కప్పబడి ఉంటుంది. బుక్ చేసేటప్పుడే డ్రైవరన్నకు చెప్పి బయటికి తీయించండి, ఎండలో నిద్రలేని బిడ్డను ఎత్తుకుని వెతికే పని కాదది. అమెరికా సీటు తెచ్చినవాళ్లకు ఇంకో చిక్కుంది. అక్కడి కారు బెల్టును పూర్తిగా లాగితే వెనక్కి మాత్రమే పోయేలా తాళం పడుతుంది. ఇక్కడి చాలా కార్లలో అది ఉండదు, బెల్టు గట్టి కుదుపుకు మాత్రమే ఆగుతుంది, మామూలుగా సీటు వదులుగా ఊగుతుంది. కార్ సీటులోనే బెల్టును నొక్కి పట్టే బిగింపు ఉంటే సరే. లేకపోతే ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే ఇనుప లాకింగ్ క్లిప్ వాడాలి. నడుము పట్టీ, భుజం పట్టీ రెండింటినీ కలిపి, బకుల్ నాలుకకు అంగుళం లోపల ఆ క్లిప్‌ను వేసి బిగించాలి. అమెరికా నుంచి బయలుదేరే ముందే సీటు వెనక జేబులో ఆ క్లిప్ ఉందో లేదో చూసుకోండి.