సాంట్రోలో ఇరిడియం ప్లగ్గులు, 42 వేల కిలోమీటర్ల తర్వాత: రెండు అరిగాయి, రెండు అరగలేదు

పికప్ పెరుగుతుందని, మైలేజీ పెరుగుతుందని ఇరిడియం ప్లగ్గులు, అంటే మొనకి ఇరిడియం లోహం పెట్టిన స్పార్కు ప్లగ్గులు కొనేవాళ్లు డబ్బు దండగ చేసుకున్నట్టే. సాంట్రో జింగ్ 1.1 లాంటి మామూలు ఇంజన్‌లో ఆ తేడా కొలిచి చూపించేంత ఉండదు. నాకు నచ్చింది వేరే. చలికాలం పొద్దున తాళం తిప్పగానే అందుకోవడం, ఏసీ వేసినప్పుడు ఐడ్లింగ్‌లో వణుకు తగ్గడం. మొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజీకే స్పార్కు దూకుతుంది, కారణం అంతే. మొదటి 20 వేల కిలోమీటర్ల దాకా ఎవరడిగినా కళ్లు మూసుకుని వేయించుకోమనే చెప్పాను. ఇప్పుడు ఆ మాటకి ఒక మెలిక పెట్టాలి.

నేను వేసింది ఎన్‌జీకే కంపెనీ బీకేఆర్5ఈఐఎక్స్-11. బండి పుస్తకంలో ఉన్న బీకేఆర్5ఈఎస్-11కి ఇది ఇరిడియం జోడీ. కొనేటప్పుడు చూసుకోవాల్సింది మధ్యలో ఉన్న 5, అది హీట్ రేంజి, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత తొందరగా వదిలించుకుంటుందో చెప్పే అంకె. ఈ కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లగా పనిచేస్తుంది. కొన్ని కంపెనీలకి లెక్క తలకిందులు, కాబట్టి బ్రాండు మారిస్తే అంకె చూసి కాదు, పట్టిక చూసి కొనాలి. చివరి 11 అంటే 1.1 మిల్లీమీటర్ల గ్యాప్, స్పార్కు దూకే ఖాళీ.

42 వేల దగ్గర విప్పి వైర్ గేజ్‌తో కొలిస్తే 1, 3 సిలిండర్ల ప్లగ్గుల్లో గ్యాప్ 1.2. 2, 4 సిలిండర్ల ప్లగ్గుల్లో 1.45. నాలుగింటిలోనూ ఇరిడియం మొన చెక్కుచెదరలేదు. 2, 4లలో అరిగింది పైనుంచి వంగి ఉండే కొక్కెం, అంటే బాడీ వైపు ఎలక్ట్రోడ్. అది మామూలు నికెల్ మిశ్రమం.

లోపం ప్లగ్గుది కాదు, బండి ఇగ్నిషన్ పద్ధతిది. ఇందులో ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లేదు. 1, 4 సిలిండర్లకి వోల్టేజీ పెంచి పంపే కాయిల్ ఒకటి, 2, 3కి ఇంకొకటి. జంటలో రెండు ప్లగ్గులూ ఒకేసారి మెరుస్తాయి, ఒకటి మంట పెడుతుంది, రెండోది ఎగ్జాస్ట్ చివర వృథాగా పోతుంది. కరెంటు ఒక ప్లగ్గులో మొన నుంచి కొక్కేనికి దూకితే, ఇంజన్ హెడ్ మీదుగా పోయి జంట ప్లగ్గులో కొక్కెం నుంచి మొనకి ఎదురు దూకి కాయిల్‌కి చేరుతుంది. ఎక్కువ అరిగేది ఎప్పుడూ నెగెటివ్ వైపు లోహమే. అంటే జంటలో ఒకదానికి దెబ్బ ఇరిడియం మీద, రెండోదానికి నికెల్ మీద. మనం ఖరీదైన లోహానికి డబ్బిచ్చింది నాలుగింటికి, అది కాపు కాసింది రెండింటినే. ఫోర్డ్ ఒకప్పుడు ఇలాంటి ఇంజన్లలో సగం ప్లగ్గులకి మొన మీద, మిగతా సగానికి కొక్కెం మీద ప్లాటినం పెట్టి ఫ్యాక్టరీలో బిగించేది. ఖర్చు తగ్గించుకునే తెలివి, తప్పు పట్టలేం.

దీనికి విరుగుడు రెండు. రెండు వైపులా విలువైన లోహం ఉన్న ప్లగ్గు కొనడం ఒకటి. 20 వేల దగ్గర 1లోది 4లోకి, 2లోది 3లోకి మార్చేయడం రెండోది. దీనికి పైసా ఖర్చు లేదు, అరుగుదల సమంగా పంచుకుపోతుంది. ముందే తెలిసుంటే నేనూ అదే చేసేవాణ్ణి.

ఇక కాయిల్ నుంచి ప్లగ్గులకి కరెంటు తెచ్చే వైర్ల సంగతి. నా కోపమంతా ఇక్కడే. ప్లగ్గులతో పాటే ఒక చవక సెట్టు వేయించాను, పేరు అనవసరం. రెండో వానాకాలానికి నాలుగో గేరులో వంతెన ఎక్కుతుంటే మిస్ కొట్టడం, అంటే మధ్యమధ్యలో స్పార్కు తప్పడం మొదలైంది. ఖాళీ రోడ్డు మీద బాగానే ఉంటుంది, బరువు పడితేనే కుదుపు. ఇలాంటప్పుడు షెడ్డులో మొదట చేసేది ప్లగ్గులు మార్చడం. మారిస్తే తగ్గుతుంది కూడా, కొన్నాళ్లు. కొత్త ప్లగ్గుకి గ్యాప్ బిగువుగా ఉంటుంది, తక్కువ వోల్టేజీ చాలు, అందుకని వైరు రబ్బరు లోంచి కరెంటు లీకవడం బయటపడదు. గ్యాప్ కాస్త పెరిగాక కరెంటు మళ్లీ సులువు దారి వెతుక్కుంటుంది. అలా ప్లగ్గుల మీద ప్లగ్గులు మార్చుకుంటూ పోయేవాళ్లున్నారు.

మల్టీమీటరు కూడా ఇక్కడ మోసం చేస్తుంది. నాలుగు వైర్లూ పొడవుకి తగ్గట్టే ఓమ్‌లు చూపించాయి, వంచినా అంకె కదల్లేదు. మీటరు చెప్పేది లోపలి తీగ తెగిందా లేదా అన్నదే, పైన రబ్బరు ఎలా ఉందో దానికి తెలియదు. దొరికింది చీకట్లో. రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఇంజన్ నడుస్తుండగా వైర్ల మీద నీళ్లు మంచులా చిలకరిస్తే మూడో వైరు చివర ప్లగ్గు తలకి తొడిగే రబ్బరు క్యాప్ దగ్గర నీలం గీతలు టపటపమన్నాయి. ఈ పరీక్ష చేసేటప్పుడు వైర్లని చేత్తో తాకకండి, వేల వోల్టులు. ఫ్యాను దగ్గరికీ వెళ్లకండి.

విప్పి చూస్తే ప్లగ్గు పింగాణీ మీద నిలువుగా పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత. క్యాప్ లోపల అదే చోట ఇంకో గీత. కరెంటు మొన దాకా పోకుండా పింగాణీ పైనుంచి బాడీకి దూకిన దారి అది. ఇలాంటి గీత కనిపిస్తే ప్లగ్గు, వైరు రెండూ తీసేయాల్సిందే. ఒకటే మారిస్తే పాతదాని మీది మసి దారి కొత్తదాన్నీ పాడు చేస్తుంది. అయితే ఇనుప బాడీకి కాస్త పైన పింగాణీ చుట్టూ గోధుమరంగు మరక ఉంటే దాన్ని చూసి కంగారు పడొద్దు. అది గాలిలోని నూనె తుంపర్లు అంటుకున్న మరక. ఇంజన్ లోపలి గ్యాస్ లీకని చెప్పి మంచి ప్లగ్గులు పారేయించే మెకానిక్కులు చాలామంది.

క్యాప్ ఎందుకు చెడిందంటే, చవక రబ్బరు వేడికి గట్టిపడి పింగాణీకి అంటుకుపోయింది. తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగితే లోపల చీరుకుంటుంది. క్యాప్‌నే పట్టుకుని ముందు అటూ ఇటూ తిప్పి, వదులయ్యాక లాగాలి. బిగించేటప్పుడు క్యాప్ లోపలి అంచుకి పెసరగింజంత సిలికాన్ గ్రీజు రాస్తే ఈ బాధ ఉండదు. ఇప్పుడున్నది సిలికాన్ క్యాప్‌ల సెట్టు, రెండు వానాకాలాలు దాటింది. మిస్ కొడుతున్న బండిని రోజుల తరబడి నడపకండి, కాలని పెట్రోలు పొగ గొట్టం దారిలో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని తినేస్తుంది. వైర్ల ఖర్చు దాని ముందు చిల్లర.

ప్లగ్గు ఎక్కించడం: ఇంజన్ చల్లారాకే. అల్యూమినియం హెడ్ వేడిగా ఉండగా విప్పితే మర ఊడొచ్చే ప్రమాదం ఉంది. విప్పకముందే గాలి కొట్టి గుంటలోని ఇసుక ఊదేయాలి. మొదటి మరలు రెంచి లేకుండా, ప్లగ్గు తలకి రబ్బరు గొట్టం తొడిగి చేత్తో తిప్పాలి, మర అడ్డం పడితే గొట్టమే జారుతుంది. చేతి బిగువు ఆగాక కొత్త ప్లగ్గుకి అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, టార్క్ రెంచి ఉంటే 25 న్యూటన్ మీటర్లు. పాత ప్లగ్గే మళ్లీ వేస్తుంటే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది, పన్నెండో వంతు చుట్టు చాలు. మరకి గ్రీజు వద్దు, జారుడుకి తెలియకుండానే ఎక్కువ బిగుస్తుంది. గ్యాప్ సరిచేయాల్సి వస్తే కొక్కేన్ని మాత్రమే వంచండి. ఇరిడియం మొనకి గేజ్ ఆనిస్తే అది విరుగుతుంది, వైర్ బ్రష్ అసలు పనికిరాదు. కింద పడిన ప్లగ్గు చూడ్డానికి బాగున్నా వాడొద్దు.

వైర్లు ఒక్కొక్కటే మార్చండి. 1, 4 తారుమారైతే బండి నడుస్తుంది, ఒకే కాయిల్ కదా. 1, 2 తారుమారైతే గాలి లోపలికి పోయే ఇన్‌టేక్‌లో టపాకాయే.

మళ్లీ ఇరిడియమే వేస్తానా? నా బండి పెట్రోలు మీదే నడుస్తుంది, నెలకి వెయ్యి కిలోమీటర్లు, విప్పే పని నా చేతులతోనే. ఈ లెక్కలో నాలుగైదు రెట్ల ధర పెట్టేకంటే మామూలు నికెల్ ప్లగ్గు 20 వేలకోసారి మార్చడం చవక. గ్యాస్ కిట్ ఉన్నవాళ్ల సంగతి వేరు. గ్యాస్‌కి వోల్టేజీ ఎక్కువ కావాలి, గ్యాప్ 0.8కి అటూ ఇటూ తగ్గించుకోవాల్సి వస్తుంది, అక్కడ సన్నమొన నిజంగానే పనికొస్తుంది. ప్రతి ప్లగ్గుకీ సొంత కాయిల్ ఉన్న కొత్త బండ్లలో ఈ ఎదురు స్పార్కు గొడవే లేదు, ఇరిడియం దాని వయసంతా బతుకుతుంది. సాంట్రో జింగ్ తయారీ 2014 చివర్లో ఆగి ఏళ్లు గడిచాయి, మంచి వైర్ల సెట్టు దొరికినప్పుడే ఒకటి కొని పక్కన పెట్టాను. డబ్బా మీద సిలికాన్ అని ఉంది, క్యాప్ నొక్కి చూశాకే డబ్బులిచ్చాను.