మామిడి తోటకు పోల్ సా: కొమ్మలకు భేష్, కంపకు పనికిరాదు

పోల్ సా, అంటే పొడుగు రాడ్ కొసన చైను రంపం ఉండే మిషను, కొనేముందు అందరూ అడిగేది ఎంత ఎత్తు అందుతుంది, చైను తిరిగే బార్ ఎన్ని అంగుళాలు అని. నన్నడిగితే అంతకంటే ముందు చూడాల్సింది బరువు ఎక్కడుంది అన్నది. నాలుగు కిలోల మిషనైనా సరే, మోటారు కొసన ఉంటే రాడ్ మొత్తం సాగదీసి నెత్తి పైకి ఎత్తిన కాసేపటికే భుజాలు పీకేస్తాయి. అదే ఎనిమిది కిలోలదైనా ఇంజను నడుము దగ్గరుండి, పట్టీ భుజానికి వేసుకుంటే గంట పని నడుస్తుంది. రెండు రకాలూ మా తోటలో వాడాం కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

మాది రైల్వే కోడూరు దగ్గర మామిడి తోట. ఎక్కువ బేనిషా, గట్ల వెంబడి నాటు చెట్లు. మా మామగారికి ఆరోగ్యం బాగాలేక కొన్నేళ్ళు గుత్తకిచ్చాం. గుత్తదారుడికి కాయ మీదున్న శ్రద్ధ చెట్టు మీద ఉండదు. తోట మళ్ళీ మా చేతికొచ్చేసరికి చెట్ల నడినెత్తిన ఎండుకొమ్మలు, ఏ చెట్టు చూసినా బదనిక, పడమటి గట్టు పొడుగునా సర్కారు తుమ్మ. ఆ తుమ్మ 1870ల్లో మన కడప వైపు తెచ్చి నాటించిన మొక్క. వంటచెరుకు కోసమని తెచ్చింది ఇప్పుడు చెరువులూ బీళ్ళూ ఆక్రమించి కూర్చుంది.

ముందు బదనిక సంగతి చెప్పాలి, ఎందుకంటే మేం పోల్ సా కొన్నదే దానికోసం. మామిడి ఆకు కంటే మందంగా, కాస్త బూడిద పచ్చగా ఉండే ఆకు. నారింజ రంగు గొట్టాల్లాంటి పూలు. పండు తిన్న చిన్న పిట్టలు బంకగా ఉండే విత్తనాన్ని ఇంకో కొమ్మకు పూసి పోతాయి, అది అక్కడే మొలుస్తుంది. మొలిచిన చోట కొమ్మ కణుపు కట్టినట్టు ఉబ్బుతుంది. వేరు లాంటిది లోపలికి దించి చెట్టు నీళ్ళు తాగేస్తుంది. అక్కణ్ణుంచి కొసవరకు ఉన్న కొమ్మ బక్కచిక్కి, పూత రాక, చివరికి ఎండిపోతుంది. దోటితో లాగితే బదనిక ఆకులూ పుల్లలూ వస్తాయి, కాలు మాత్రం కొమ్మలోనే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. అందుకే ఉబ్బిన చోటికి లోపలివైపు, అంటే మానువైపు, మంచి చెక్క మీద కోత పడాలి. దోటికి కట్టిన కొడవలితో బొటనవేలంత కొమ్మ తెగుతుంది. చేయి మందం కొమ్మ తెగదు. ఇన్నాళ్ళూ దానికోసం మనిషి చెట్టెక్కాల్సి వచ్చేది. ఎండుకొమ్మ మీద కాలు పెడితే ఏమవుతుందో తోటలున్న వాళ్ళకు చెప్పక్కర్లేదు.

మొదట పెట్రోలుది అద్దెకు తెచ్చాం. రెండు స్ట్రోకుల ఇంజను, సాగదీస్తే పన్నెండు పదమూడు అడుగులు, మనిషి ఎత్తు కూడా కలిస్తే పెద్ద నాటుచెట్టు నడిమి కొమ్మలదాకా అందింది. తొడ మందం కొమ్మనూ ఆగకుండా కోసింది. మా తోట పని చూసే ఓబులన్న అరవై దాటిన మనిషి. మొదటి చెట్టు అయ్యాక పట్టీ విప్పుతూ, "ఇదుంటే ఇంక చెట్టెక్కే పనే ల్యా, పాపా" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఈ మిషనుకు నా వైపునుంచి నూటికి నూరు మార్కులు.

అయితే దాని మోతకు చెవులకు మఫ్ లేకుండా నిలబడలేం. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కలపాలి, లెక్క తప్పితే ఇంజనుకే చేటు. నేను ఐదడుగుల మనిషిని, నావల్ల కాలేదు. నేను పట్టుకుని పని చేయగలిగేది ఒకటి ఉండాలని బ్యాటరీది కొన్నాం. 21 వోల్టులు, ఎనిమిది అంగుళాల బార్, మూడు ముక్కలుగా విడిపోయే రాడ్. తొమ్మిది వేల లోపు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే మిషను రంగు మార్చి నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, నా మంచీ చెడూ వాటన్నిటికీ వర్తిస్తాయి.

మంచి: బొత్తాం నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. మోత తక్కువ, కింద నిలబడ్డ మనిషి "జరుగు" అని అరిస్తే వినబడుతుంది, ఇది చిన్న విషయం కాదు. పచ్చి మామిడి కొమ్మ మణికట్టు మందం ఉంటే టీ చల్లారేలోపు నాలుగైదు తెగుతాయి. రెండు ముక్కలే బిగిస్తే నా చేతికి తేలిగ్గా ఉంటుంది, మూడోది బిగిస్తే మాత్రం మోటారు కొసన ఉండటంతో తల ఊగుతుంది, కోత గురి తప్పుతుంది. అందుకని మూడో ముక్క అత్యవసరానికే. దుకాణంలో కొనేవాళ్ళు మూడు ముక్కలూ బిగించమని అడిగి, నెత్తి పైకి ఎత్తి కాసేపు అలాగే పట్టుకుని చూడండి. అక్కడే తేలిపోతుంది.

కోసే పద్ధతి తెలియకపోతే ఎంత మంచి మిషనైనా చెట్టును పాడు చేస్తుంది. పెద్ద కొమ్మను ఒక్క దెబ్బకు కోయకూడదు. మానుకు అడుగు దూరంలో కిందనుంచి పావు వంతు మందం కోయాలి. తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి కోయాలి. అప్పుడు కొమ్మ బరువుకు బెరడు మానుదాకా చీలకుండా పడుతుంది. మిగిలిన మోడును మాను దగ్గర ఉబ్బుగా కనిపించే మెడను వదిలి, దానికి ఆనించి కోయాలి. మెడ తెగితే గాయం పూడదు. బార్ మొదట్లో ఉండే పళ్ళ కొక్కేన్ని కొమ్మకు ఆనించి, ఆ తర్వాతే చైను తిప్పాలి. ఆనించకుండా తిప్పితే మిషను ఎగిరెగిరి పడుతుంది. రాడ్‌ను నేలకు 60 డిగ్రీలు మించి నిటారుగా పట్టుకోవద్దు, కొమ్మ సరిగ్గా నెత్తిమీదికే వస్తుంది. హెల్మెట్టు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. మామిడి సొన ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది, ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలు రంపప్పొట్టుతో పాటే మెడలోకి రాలతాయి.

ఈ పని కాయ దిగిపోయాక జులై, ఆగస్టుల్లో పెట్టుకోవాలి. కోసిన చోట బోర్డో పేస్టు పూస్తాం: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. అందని ఎత్తులో కోతలకు వెదురు కొసన గుడ్డ కట్టి పూస్తున్నాడు ఓబులన్న.

ఇక సర్కారు తుమ్మ. ఇక్కడ నా తీర్పు వేరే. గట్టు మీదినుంచి తోటలోకి వాలిన తుమ్మ కొమ్మలను కంపలోకి దిగకుండా, బయట నిలబడే కోయొచ్చు. టైర్లలో, చెప్పుల్లో దిగే ఆ ముల్లు ఎలాంటిదో తెలిసినవాళ్ళకు ఆ దూరమే పెద్ద వరం. అంతవరకే. నేల మీద అల్లుకున్న పొదలో రంపం పెడితే సన్న పుల్లలు చైనులో ఇరుక్కుని, చైను బార్ మీదనుంచి జారిపోతుంది. మళ్ళీ ఎక్కించి బిగించేసరికి ఓపిక అయిపోతుంది. లంటానా, పరికి కంప కూడా అంతే, వాటికి మచ్చుకత్తే సరి, లేదా బ్లేడు వేసిన బ్రష్ కట్టర్. పైగా తుమ్మను ఎంత కిందికి కోసినా మోడునుంచి గుంపుగా చిగుళ్ళు లేస్తాయి. వేళ్ళతో పెకలించాల్సిందే, అది జేసీబీ పని. ఆ కొమ్మలు కోసి దారి చేశాక జేసీబీ వచ్చింది, కట్టె బొగ్గుబట్టీ వాళ్ళు తోలుకుపోయారు.

మా వైపు గట్ల మీద ఎర్రచందనం మొక్కలు వాటంతటవే మొలుస్తాయి. కంప ఊడ్చే ఊపులో వాటి మీద రంపం పెట్టకండి. సొంత పొలంలో ఉన్నదైనా కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం కరెంటు తీగలు. పోల్ సా రాడ్ అల్యూమినియంది అయితే అది నేరుగా తీగకు వేసిన వంతెనే. ఫైబర్ రాడ్ అయినా భరోసా లేదు, పచ్చికొమ్మలోంచే కరెంటు దిగుతుంది. తీగకు 15 మీటర్ల లోపల మిషను ఎత్తొద్దు. మా తోట మూలన 11 కేవీ లైను పోతుంది. దాని కిందికి వాలిన చెట్ల జోలికి మేం పోలేదు. 1912కు ఫోన్ చేసి చెప్తే, లైన్‌మన్ ఎల్సీ (లైనులో కరెంటు ఆపించే అనుమతి) తీసుకుని వచ్చి, వాళ్ళ మనుషులతోనే కొట్టించాడు. కాస్త ఆలస్యమైంది, అయితే అయింది.

ఇక బ్యాటరీదాని లోపాలు. చైనుకు పోసే ఆయిలు డబ్బా మూత ఎంత బిగించినా, మిషను పడుకోబెడితే రాత్రికి నేలంతా జిడ్డు. ఇప్పుడు పని అవగానే ఆయిలు వంపేసి, తల కిందికి వచ్చేలా గోడకు తగిలిస్తున్నాం. ఆయిలు దానంతటదే చైనుకు అందదు, మధ్యమధ్యలో బొత్తాం నొక్కుతుండాలి, మరిస్తే బార్ పొగలు కక్కుతుంది. వాడేసిన ఇంజనాయిలు మాత్రం పోయకండి, అందులోని ఇనుప పొడి బార్‌ను తినేస్తుంది. ఎండిన తుమ్మకట్టె మణికట్టు మందం దాటితే మోటారు మూలుగుతుంది, దాంతో పంతం పట్టొద్దు. రాడ్ కీళ్ళు అప్పుడే కాస్త వదులయ్యాయి. ఒక్క బ్యాటరీతో పూటంతా నడవదు, రెండోది ఉంటేనే పని తెగదు.

విడి చైను దగ్గర అమ్మినవాడు చేతులెత్తేశాడు. అయినా దిగులు లేదు. బార్ మీదే చైను కొలతలు, అంటే పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య, అచ్చు వేసి ఉంటాయి. ఆ మూడూ ఫొటో తీసి చూపిస్తే తిరుపతిలో చైన్ సా సామాన్లమ్మే కొట్లో అదే కొలత చైను దొరికింది. రెండు తెచ్చిపెట్టుకున్నాం.

పదీ ఇరవై చెట్లున్న వాళ్ళకు, పెరట్లో మునగా కొబ్బరీ మామిడీ ఉన్నవాళ్ళకు బ్యాటరీది హాయిగా సరిపోతుంది. ఎకరాల్లో ముదురు తోట ఉండి ఏటా కొమ్మలు కోయాల్సిన వాళ్ళు స్టిల్, హస్క్‌వర్నా లాంటి కంపెనీల పెట్రోలు మిషను నలుగురు రైతులు కలిసి కొనుక్కోవడం మేలు. మేమైతే ఎత్తుచెట్లకు పెట్రోలుది అద్దెకు తెస్తున్నాం, మిగతా అంతటికీ బ్యాటరీదే. ఈసారి కాయ దిగగానే ఉత్తరపు వరసల్లో బదనిక పని మొదలుపెడతాం.