అఫ్జల్‌గంజ్‌లో కూర్చుని తాగే చాయ్

మాది సూర్యాపేటలో స్టీల్ సామాన్ల కొట్టు. సరుకు కోసం పదిహేను రోజులకోసారి బేగంబజార్ వస్తాను. ఎంజీబీఎస్‌లో దిగగానే ముందు వెళ్లేది అఫ్జల్‌గంజ్ సందులో ఉన్న ఈ చిన్న ఇరానీ హోటల్‌కే.

చాయ్ చాలా బాగుంటుంది. చిక్కటి పాలు, మీద పల్చగా మీగడ. ఖడక్ అంటే డికాక్షన్ ఇంకాస్త పోస్తాడు. ఉస్మానియా బిస్కెట్ తాజాగా ఉంటుంది. సమోసా మాత్రం నూనె కారుతుంది, వద్దు.

చుట్టుపక్కల చాలాచోట్ల కుర్చీలు తీసేసి పేపర్ కప్పుల కౌంటర్లు పెట్టారు. ఇక్కడ ఇంకా పాలరాతి బల్లలే. ఎందుకని అడిగితే, "హమాలీలు బరువు దింపి వస్తరు, నిలబెట్టి చాయ్ ఇస్తనా?" అన్నాడు ఓనర్. ఆ మాటకే నేను ఇంకో హోటల్ గడప తొక్కను.

2025 సెప్టెంబరులో గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తి, మూసీ నీళ్లు బస్టాండులోకి వచ్చిన రాత్రి నేను మూడు డబ్బాల సరుకుతో ఇక్కడే చిక్కుకున్నాను. ఇంటికి ఫోన్ కలవక ఒకటే టెన్షన్. ఓనర్ షట్టర్ దించలేదు. అప్పుడు ఒక పెద్ద హమాలీ బల్ల మీద ఒలికిన చాయ్‌ని వేలితో గీతలా లాగి, "ఇది మూసీ" అన్నాడు. పక్కన సాసర్ బోర్లించి, "ఇది ఉస్మానియా ఆస్పత్రి చింతచెట్టు". 1908 సెప్టెంబరు 28 వరదలో ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. వాళ్లలో తన ముత్తాత కూడా ఉన్నాడట. ఏ కొమ్మ మీద కూర్చున్నాడో కూడా చెప్పాడు. ఆ వరదలో వేలమంది పోయారు, మళ్లీ అలాంటి వరద రాకుండా గండిపేట చెరువు కట్టింది ఆ తర్వాతే.

అంతా విని, గ్లాసులు కడిగే బిహార్ పిల్లాడు 2008లో తమ ఊరిని కోసీ నది ముంచిన సంగతి మొదలుపెట్టాడు. వచ్చి ఆరు నెలలైనా వాడి గొంతు మేం వినడం అదే మొదటిసారి. పెద్దాయన జరిగి వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

చేతులు కడిగే చోట శుభ్రం చాలదు. ఆడవాళ్లకు విడిగా రెండు బల్లలైనా వేస్తే బాగుంటుంది, ఓనర్‌కు చెప్పాను కూడా. ఉదయం పదకొండు దాటాక వెళ్తే చోటు దొరుకుతుంది. తాగాక ఆస్పత్రి ఆవరణలోకి నడవండి, ఆ చెట్టు ఇంకా ఉంది.