చిన్నోడికి బాత్రూం అలవాటు: కొన్న పుస్తకమా, ఇంట్లో చేసిన ఆల్బమా, ఫోనా, నానమ్మ కాళ్లా?

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లొచ్చేసరికి మా చిన్నోడికి రెండేళ్ల రెండు నెలలు. డైపర్ మాన్పించే పని జాతర అయ్యాకే అని ముందే అనుకున్నాం. ప్రయాణం ఉన్నప్పుడో, ఇల్లు మారినప్పుడో, ఇంట్లో ఇంకో పాప పుట్టినప్పుడో ఈ పని పెట్టుకుంటే పిల్లలు తికమకపడతారు. పైగా మార్చి వచ్చిందంటే హనుమకొండ ఎండకు తడిసిన చడ్డీ డాబా మీద ఇట్టే ఆరిపోతుంది. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో నాలుగు దారులు తొక్కాం: నానమ్మ కాళ్లు, ఫోను, ఈ అలవాటు గురించి కొన్న బొమ్మల పుస్తకం, ఇంట్లో చేసిన ఫోటోల ఆల్బం. ఏది ఎంతవరకు పనికొచ్చిందో రాస్తున్నాను, మగపిల్లాడున్న ఇళ్లకు ఉపయోగపడుతుందని.

ముందు ఒక మాట. పిల్లాడి ఒళ్లు సిద్ధం కాకపోతే ఏ పుస్తకమూ ఏమీ చేయలేదు. కనీసం రెండు గంటలు చడ్డీ పొడిగా ఉండాలి. చడ్డీ తనే కిందికి లాక్కోగలగాలి. 'చెప్పులు తీసుకురా' లాంటి చిన్న మాట అర్థం కావాలి. తలుపు వెనక నక్కి దొడ్డికి కూర్చుంటున్నాడంటే వాడికి లోపల తెలుస్తోందన్నట్టే. మగపిల్లలకు సగటున ఆడపిల్లల కంటే కొంచెం ఆలస్యమవుతుంది. 1962లో అమెరికా పిల్లల డాక్టర్ బ్రేజల్టన్ 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురిస్తే, పగటి అలవాటు కుదిరిన సగటు వయసు 28 నెలలు దాటింది. కాబట్టి పక్కింటి పాప ఏడాదిన్నరకే నేర్చుకుందని మనవాడిని తిట్టడం అన్యాయం.

మా అత్తమ్మకు పుస్తకం మాటే నచ్చలేదు. "బుక్కుల సూసి ఉచ్చ పోస్తడా బిడ్డా? నా కాళ్ల మీద కూసోబెట్టు, ఎందుకు పొయ్యడో సూస్త" అన్నది. ఆమె మాటలో నిజముంది. వాడు మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడే పాదాల మీద కూర్చోబెట్టుకుని 'స్‌స్‌స్' అనేది, వాడు పోసేవాడు. గొంతుకు కూర్చుంటే దొడ్డికి సులువుగా వస్తుంది. చప్పుడు వింటే ఒళ్లు దానికి అలవాటుపడుతుంది. నేను డ్యూటీకి పోవడం మొదలయ్యాక డైపర్లు వచ్చాయి, ఆ అలవాటు తప్పింది. ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే రెండు చిక్కులు వచ్చాయి. వాడిప్పుడు పన్నెండు కిలోలు, ఆమె మోకాళ్లు ఓర్చుకోవు. రెండోది, ఆమె తీసుకుపోతేనే పోయేవాడు తప్ప తనకు వస్తోందని నోరు విప్పేవాడు కాదు. వేళ ఆమెకు తెలుసు, వాడికి తెలియదు.

ఫోన్ సంగతి తొందరగా చెప్పేస్తాను. పాటల వీడియో పెట్టి పాటీ సీటు మీద కూర్చోబెడితే ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు, చుక్క పోయలేదు. లేచి చాప మీద పోశాడు. వాడు కూర్చున్నది పాట కోసం. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఆ గంటను బాత్రూంలో ఖర్చు చేయడం నాకు ఇష్టం లేదు. పైగా వీడియో మన కోసం ఆగదు. పుస్తకంలోనైతే ఒక్క పేజీ మీద పది నిమిషాలు ఉండొచ్చు.

ఇక కొన్న పుస్తకం. మందపాటి అట్టల ఇంగ్లిషు పుస్తకం తెప్పించాను. అందులో ఎలుగుబంటి పిల్లాడు తెల్లటి కమోడ్ మీద కూర్చుంటాడు, కాగితంతో తుడుచుకుంటాడు, చివరి పేజీలో నిలబడి పోస్తాడు. మావాడు కమోడ్ మీద వేలు పెట్టి "కుర్చీ" అన్నాడు. వాడికి తెలిసిన బాత్రూంలో నేల మీద ఇండియన్ సీటు, ఆకుపచ్చ బకెట్, మగ్గు ఉంటాయి. పుస్తకంలో ఉన్నది వేరే లోకం. నిలబడే బొమ్మ వల్ల ఇంకో ఇబ్బంది వచ్చింది. మగపిల్లాడికైనా మొదట్లో కూర్చోబెట్టే నేర్పాలి. ఈ వయసులో ఉచ్చ, దొడ్డికి తరచూ కలిసే వస్తాయి, రెంటికీ తేడా తెలియడానికి సమయం పడుతుంది. మావాడు బొమ్మ చూసి నిలబడే పోస్తానని వారం రోజులు మొండికేశాడు.

అయినా ఆ పుస్తకాన్ని తీసి పక్కన పెట్టలేను. అందులో ఒక పేజీలో ఎలుగు పిల్లాడి ప్యాంటు తడిసిపోతుంది, వాళ్లమ్మ తిట్టకుండా వేరేది తొడుగుతుంది. మావాడు రోజూ ఆ పేజీ దగ్గరే ఆపేవాడు. తడి మరక మీద అరచేయి పెట్టి నా మొహంలోకి చూసేవాడు. అంతకు ముందురోజు సోఫా తడిపినప్పుడు నేను గట్టిగా అరిచిన సంగతి వాడి మనసులో ఉందని అప్పుడర్థమైంది. తన తప్పును వేరే పిల్లాడి మీద పెట్టి చూసుకునే వీలు కథే ఇస్తుంది. 1970లలో అమెరికాలో అజ్రిన్, ఫాక్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉచ్చ పోసే బొమ్మను పిల్లాడి చేతికిచ్చి, బొమ్మకు నేర్పుతూ తనూ నేర్చుకునేలా చేయడం వెనక ఇలాంటి కిటుకే ఉందనిపిస్తుంది.

నాలుగోది మేం చేసుకున్న ఆల్బం. నా ఓటు దీనికే. తొమ్మిది ఫోటోలు తీశాను. వాడు పొట్ట పట్టుకుని నిలబడటం, బాత్రూం గడప, గడప దగ్గర వాడి నీలం చెప్పులు, లైటు స్విచ్చు, పక్కన ఇటుక పెట్టి మేం సర్దిన సీటు, బకెట్టూ మగ్గూ, నీళ్లు కొట్టే నానమ్మ చెయ్యి, సబ్బు నురగతో వాడి రెండు చేతులు, తీగ మీద ఆరేసిన పొడి చడ్డీ. చౌరస్తా దగ్గర స్టూడియోలో ప్రింట్లు తీయించి, లామినేషన్ చేయించి, మూలకు రంధ్రం కొట్టి రింగు వేశాను. పిల్లాడు బట్టల్లేకుండా ఉన్న ఫోటో ఒక్కటీ తీయలేదు. ఈ ఫోటోలు కుటుంబం వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టలేదు. మీరూ ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి.

తేడా మొదటి రోజే కనిపించింది. చెప్పుల పేజీ రాగానే లేచి వెళ్లి చెప్పులు వేసుకుని వచ్చాడు. స్విచ్చు ఫోటో వల్ల మాకు తెలియని సంగతి బయటపడింది. వాడు ఆ పేజీ గబగబా తిప్పేసేవాడు. వాడి భయం సీటు గుంత గురించి కాదు, లైటు వేయక ముందుండే చీకటి గురించి. ఆ రోజు నుంచి లైటు వేసే ఉంచాం. మాటలు కూడా మా ఇంటివే. పుస్తకంలోని 'పీ, పూ' బదులు ఉచ్చ, దొడ్డికి. అత్తమ్మకు ఇంగ్లిషు రాదు, ఈ ఆల్బానికి దాని అవసరమూ లేదు. మధ్యాహ్నం నేను లేనప్పుడు ఆమే ఒళ్లో పెట్టుకుని చదివేది. "ఇగో కొడుకా, గిది నువ్వే. చెప్పులేసుకున్నవు. ఇగ ఏం జేస్తవు?" అని అడిగేది, వాడు 'స్‌స్‌స్' అనేవాడు. ఆమె పాత చప్పుడు అలా ఆల్బంలోకి వచ్చి చేరింది.

చదివే వేళ ముఖ్యం. అన్నం తిన్న పావుగంట, అరగంటకు పేగులు కదులుతాయి, ఆ ముందే హాల్లో కూర్చుని చదవాలి. పుస్తకాన్ని సీటు దగ్గరికి తీసుకుపోవద్దు. అక్కడ ఐదు నిమిషాలు చాలు, రాకపోతే లేపేయాలి. ఒళ్లో కూర్చుని బొమ్మలు చూసే అలవాటే లేని పిల్లాడికి ముందు మామూలు బొమ్మల కథలు చూపించండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. దొడ్డికి గట్టిగా వచ్చి నొప్పి పుట్టి పిల్లాడు బిగపట్టుకుంటుంటే మాత్రం ఏ పుస్తకమూ తీయకండి. నీళ్లు, బొప్పాయి, జామ ఇస్తూ పిల్లల డాక్టర్‌కు చూపించండి. రాత్రి పక్క తడపడం వేరే సంగతి, ఐదేళ్ల దాకా దాని గురించి బెంగ అక్కర్లేదు.

పోయిన నెల జనగామ నుంచి మా చెల్లె ఫోన్ చేసి, "అక్కా, చిన్నోడి ఆల్బం మావానికి పంపియ్యవా" అనడిగింది. ఎలుగుబంటి పుస్తకం బస్సులో పంపాను. ఆల్బం పంపలేదు. వాళ్ల గడప, వాళ్ల బకెట్టు, వాళ్ల అవ్వ చెయ్యి ఫోటోలు తీసి పంపమన్నాను. నిన్న ఏడు వచ్చాయి. చెప్పులవీ, స్విచ్చువీ ఇంకా రావాలి.