జీకే బిట్ బ్యాంక్ రివ్యూ: ద్వారకానగర్‌లో కొనే ముందు ఏ పేజీలు తిప్పి చూడాలి

ఏ ఉద్యోగ నోటిఫికేషన్ పడినా విశాఖ ద్వారకానగర్ పుస్తకాల షాపుల్లో గిరాకీ పెరిగేది తెలుగు మీడియం జీకే బిట్ బ్యాంక్‌కే, అంటే పోటీ పరీక్షల ఆబ్జెక్టివ్ ప్రశ్నల (బిట్ల) పుస్తకానికే. చరిత్ర, సైన్సు, సంస్కృతి, కరెంట్ అఫైర్స్ అన్నీ ఒకే సంపుటిలో ఉండే లావుపాటి రకం గురించి ఈ రివ్యూ. పబ్లిషర్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు ఈ తరహా పుస్తకాల్లో చాలావాటికి ఉమ్మడివే.

ముందు బాగున్నది చెప్పాలి. ఆధునిక చరిత్ర విభాగంలో ఆప్షన్లు ఆలోచించి ఇచ్చారు. సి.వి.రామన్‌కు నోబెల్ ఎప్పుడొచ్చిందన్న ప్రశ్నలో 1928, 1930 రెండూ ఉన్నాయి. 1928 ఫిబ్రవరి 28 రామన్ ఎఫెక్ట్ కనుగొన్న రోజు, జాతీయ సైన్సు దినోత్సవం అందుకే ఆ తేదీన. బహుమతి 1930లో వచ్చింది. ఈ తేడా జవాబు కిందే రెండు లైన్లలో రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదట బెజవాడలో మొదలై ఆ తర్వాత వాల్తేరుకు వచ్చిందన్న వివరణా అలాగే ఉంది. ఒక్క అక్షరం జవాబుతో సరిపెట్టే పుస్తకాల కంటే ఇది ఎంతో నయం.

చిక్కంతా మన ప్రాంతం గురించిన అధ్యాయంలోనే. బొర్రా గుహలు ఏ జిల్లాలో ఉన్నాయంటే ‘విశాఖపట్నం’ అని కీలో (జవాబుల పట్టికలో) ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక అరకు, బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, శంకరం దగ్గరి బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పాత బిట్లను కదిలించకుండా దించేశారన్నమాట. ఆ గుహలను 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి కనుగొన్నాడన్న బిట్ కూడా ఉంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో. సంవత్సరమైనా, సంస్థ పేరైనా ఒకటి తప్పయి తీరాలి. ఇలాంటి బిట్‌ను బట్టీ పట్టకండి. ఐఎన్ఎస్ కుర్సురాను దేశపు తొలి జలాంతర్గామి అని రాసిన పేజీ కనిపిస్తే ఆ పుస్తకం పక్కన పెట్టేయొచ్చు. తొలిది 1967లో నౌకాదళంలో చేరిన కల్వరి. కుర్సురా చేరింది 1969 డిసెంబరులో.

ప్రశ్నలో ఒక్క మాట పోయినా జవాబు మారిపోతుంది. ‘భాషాప్రయుక్తంగా ఏర్పడిన తొలి రాష్ట్రం’ అని అడిగి ఆంధ్ర రాష్ట్రం, 1953 అని కీ ఇచ్చారు. ‘స్వాతంత్ర్యానంతరం’ అన్న మాట లేకపోతే 1936లోనే భాష ప్రాతిపదికన ఏర్పడిన ఒరిస్సా ప్రావిన్సు అడ్డొస్తుంది. కేంద్రం ప్రాచీన భాష హోదా ఇచ్చిన భాషలు ఎన్ని అన్న బిట్‌కు ఆరు అని ఉంటే అది 2024 అక్టోబరు ముందరి ప్రతి. అప్పుడు మరాఠీ, పాళీ, ప్రాకృతం, అస్సామీ, బెంగాలీ కలిసి పదకొండయ్యాయి. శని గ్రహానికి చంద్రులెన్ని లాంటి అంకె తరచూ మారే ప్రశ్న తేదీ లేకుండా ఉంటే దాన్ని కొట్టేయడమే మేలు.

సైన్సులో విషయం బాగానే ఉంది, అచ్చే దెబ్బ తీసింది. కాంతి వేగం 3×10⁸ అని ఉండాల్సిన చోట 3×108 అని పడింది. అంటే సెకనుకు 324 మీటర్లు! నానోమీటరు దగ్గర 10⁻⁹ కాస్తా 10-9 అయింది. ఫాంట్ మార్చినప్పుడు ఘాతాంకాలు కిందికి దిగిపోవడం వల్ల జరిగే పని ఇది. భౌతికశాస్త్రం మొదటి నాలుగు పేజీలు చూస్తే తెలిసిపోతుంది. కిలోగ్రాము నిర్వచనం కూడా అక్కడే చూడండి. ప్లాటినం-ఇరిడియం స్థూపం అని మాత్రమే ఉంటే 2019 మే 20 తర్వాత దిద్దలేదని అర్థం. ఇప్పుడు ప్రమాణం ప్లాంక్ స్థిరాంకం.

అన్నిటికంటే ప్రమాదం కీ జారిపోవడం. కొత్త ముద్రణలో మధ్యలో ఒక ప్రశ్న తీసేసి, కీలో దాని జవాబు ఉంచేస్తారు. అక్కడి నుంచి ప్రతి జవాబూ ఒక అంకె తప్పుతుంది. అధ్యాయం మొదట్లో చూస్తే దొరకదు. చివరి పది ప్రశ్నల్లో మీకు కచ్చితంగా తెలిసిన మూడింటిని కీతో సరిచూడండి. మూడూ తప్పితే ఒక్కొక్కటి పైకి, కిందికి జరిపి చూడండి. జరిపితే సరిపోతున్నాయంటే కీ జారినట్టే.

అట్ట మీది ‘తాజా ఎడిషన్’ స్టిక్కర్‌ను నమ్మకండి. టైటిల్ పేజీ వెనక ‘పునర్ముద్రణ’ అని మాత్రమే ఉంటే పాత సరుకే మళ్లీ అచ్చేశారు. ‘సవరించిన ముద్రణ’ అని, సంవత్సరంతో ఉండాలి. నడుము జిగురు బైండింగే కాబట్టి పుస్తకాన్ని పూర్తిగా విప్పి పరిస్తే మధ్య పేజీలు ఊడొస్తాయి. కొనగానే చరిత్ర, సైన్సు భాగాలను విడగొట్టి స్పైరల్ చేయించుకుంటే మేలు.

చరిత్ర, సంస్కృతి విభాగాల కోసం కొనొచ్చు. కరెంట్ అఫైర్స్ పేజీలకు డబ్బు పెట్టొద్దు, వాటికి మాసపత్రిక చాలు. అనుమానమొచ్చిన బిట్‌ను పెన్సిల్‌తో గుర్తుపెట్టి 6 నుంచి 10 తరగతుల పాఠ్యపుస్తకాలతో సరిచూడండి. కీ జారిన అధ్యాయం కనిపిస్తే స్పైరల్‌కు ఇవ్వకముందే బిల్లుతో షాపుకు తీసుకెళ్లండి. పేజీలు విడగొట్టాక మార్చమంటే ఒప్పుకోరు.