‘పెద్ద సైజు’కి అయిదు వందలు అదనం: హావ్‌లాక్‌లో నా మొదటి వెట్‌సూట్

"అన్ని సైజులూ ఉన్నాయి మేడం, మీరు రండి చాలు" అని డైవింగ్ షాపువాళ్ళు ఫోన్‌లో అంటే నమ్మకండి. మీ కొలతలు చెప్పి, ఆ కొలతలకు సరిపోయే వెట్‌సూట్ (నీళ్ళలోకి దిగేటప్పుడు ఒంటికి పట్టేలా వేసుకునే రబ్బరు సూట్) ఫొటో పంపమనండి. పంపకపోతే అడ్వాన్సు కట్టకండి. నాలాంటి నిండైన ఒళ్ళున్న ఆడవాళ్ళకు అండమాన్ యాత్ర మీద నేనిచ్చే సలహాల్లో మొదటిది ఇదే. బీచ్‌లూ సూర్యాస్తమయాలూ తర్వాత.

ప్రయాణం గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం), అక్కడి నుంచి ప్రైవేటు ఫెర్రీలో మనిషికి 1,650 రూపాయలిచ్చి హావ్‌లాక్. దీనికీ 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు కానీ, ఆటోవాళ్ళ దగ్గర్నుంచి అందరూ హావ్‌లాక్ అనే అంటున్నారు. విజయనగర్ బీచ్ పక్కన గుడిసెలాంటి గది రాత్రికి 2,800. ఫ్యాన్ తిరిగింది, దోమతెర ఉంది, అంతకుమించి నేనేం అడగలేదు.

వెళ్ళింది ముగ్గురం. మావారికి సైనస్, నీళ్ళంటే భయం కూడా, కాబట్టి ఒడ్డునే ఉంటానన్నారు. మా ఆడపడుచు సన్నగా రివటలా ఉంటుంది, ఏ షాపులో ఏ బట్ట తీసినా దానికి సరిపోతుంది. గాలి సిలిండరు తగిలించుకుని సముద్రం లోపలికి దిగే ఈ స్కూబా సరదా మొదట పుట్టింది దానికే.

ముందే మాట్లాడుకున్న షాపుకి వెళ్ళాం. ఈత రానివాళ్ళు కూడా చేసే మొదటి డైవ్‌కి మనిషికి 4,500, వెట్‌సూట్ అందులోనే కలిసి ఉందన్నారు. ఇంటి నుంచే ఇద్దరికీ చెరో వెయ్యి అడ్వాన్సు పంపేశాం. తీరా వెళ్ళాక చూస్తే కొక్కేలకు వేలాడేవన్నీ మగవాళ్ళ సూట్లే. మా ఆడపడుచుకి ‘ఎస్’ ఇచ్చారు. నా వైపు పైనుంచి కిందికి ఒకసారి చూసి, మోకాలి దగ్గర చిరిగిన డబుల్ ఎక్స్ఎల్ ఒకటి లోపలి నుంచి తెచ్చారు. దాని వాసన గురించి రాయను.

అది తుంటి దగ్గరే ఆగిపోయింది. ఎలాగో పైకి లాగితే భుజాల దగ్గర సంచిలా వేలాడింది, ఛాతీ దగ్గరికొచ్చేసరికి వెనక జిప్ సగంలో నిలబడిపోయింది. చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. గుండెల నిండా ఊపిరి తీసుకోవడానికే లేదు. అప్పుడు కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దమనిషి తాపీగా చెప్పాడు, "ఎక్స్ఎల్ దాటితే అయిదు వందలు ఎక్స్‌ట్రా మేడం." సరిపోని సూట్‌కి! ఆరడుగుల మగవాడు డబుల్ ఎక్స్ఎల్ వేసుకుంటే కూడా తీసుకుంటారా అని అడిగాను. జవాబు లేదు. పక్కనున్న కుర్రాడు మాత్రం, ముందు కొంచెం బరువు తగ్గి రండి అని నవ్వాడు.

నాకంటే ముందు మా ఆడపడుచుకే కోపం వచ్చింది. "మా వదిన రాకపోతే నేనూ దిగను, డబ్బులు వెనక్కివ్వండి" అని హిందీలో దులిపేసింది. చాలాసేపు వాదించాక దాని వెయ్యి తిరిగిచ్చారు. నా వెయ్యి మాత్రం, మీకు సూట్ కేటాయించేశాం కాబట్టి ఇవ్వం అని మింగేశారు. మావారు గొడవెందుకని బయటికి వెళ్ళి కొబ్బరిబోండాం తాగారు. దాని మీద ఆ సాయంత్రం మా గదిలో ఇంకో చిన్న గొడవ జరిగింది.

నిజానికి తేడా అంతా కుట్టులో ఉంది. మగవాళ్ళ సూట్ భుజాలు వెడల్పుగా, తుంటి సన్నగా ఉండేలా కోస్తారు. మన ఒంటి లెక్క దానికి తిరగేసి ఉంటుంది. సైజు పెంచితే తుంటికి పట్టినా భుజాలూ నడుమూ వదులైపోతాయి. వదులైతే ఆ సూట్ ఎందుకూ పనికిరాదు. నియోప్రీన్ అనే ఆ రబ్బరులో సన్నటి గాలి బుడగలుంటాయి, అవే వెచ్చదనాన్ని కాపాడతాయి. సూట్‌కీ ఒంటికీ మధ్య చేరే పలచటి నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే నిలవాలి. వదులుగా ఉంటే కదిలినప్పుడల్లా ఆ నీళ్ళు పోయి చల్లవి వస్తుంటాయి. అండమాన్ నీళ్ళు 28 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి, అయినా ముప్పావుగంట లోపలుంటే వణుకు వస్తుంది. పగడాలు గీరుకోకుండా కూడా సూట్ కావాలి. మరీ బిగుతైనదీ ప్రమాదమే. ఛాతీ విప్పారదు, మెడ పట్టీ గొంతు పక్క రక్తనాళాలను నొక్కితే కళ్ళు తిరుగుతాయి.

మర్నాడు ఇంకో షాపు. ఇది గది ఓనరు చెప్పినది. ఇన్‌స్ట్రక్టర్ చెన్నై అమ్మాయి, తనూ కాస్త బొద్దుగానే ఉంటుంది. ఫోన్ చేయగానే రేటు చెప్పకుండా, "అక్కా, ఛాతీ, నడుము, తుంటి, తొడ, ఎత్తు కొలిచి వాట్సాప్‌లో పెట్టండి" అంది. అక్కడే నాకు సగం టెన్షన్ తగ్గిపోయింది. వెళ్ళేసరికి ఆడవాళ్ళ కుట్టుతో ఉన్న 3 మిల్లీమీటర్ల సూట్లు రెండు పక్కన పెట్టి ఉంచింది. రేటు 5,000, సైజు ఏదైనా అంతే. ఛాతీకీ తుంటికీ పట్టిందా అన్నదే చూడాలట, పొడవు పెద్ద సమస్య కాదట. సొంతంగా కొనుక్కుంటే చేతులూ కాళ్ళూ పొడవైనా పిసరంత కత్తిరించుకోవచ్చు, ఈ రబ్బరుకి మామూలు బట్టకిలా దారాలు ఊడవు. ఛాతీ ఎక్కువగా ఉన్నవాళ్ళకు ముందు జిప్ ఉన్నది సుఖం, మనమే వేసుకోవచ్చు. ఒక సైజులో పైభాగం, ఇంకో సైజులో కిందిభాగం కావాలంటే రెండు ముక్కల సూట్లూ దొరుకుతాయి.

ఇక తొడుక్కోవడం. ఒళ్ళూ సూట్ రెండూ పొడిగా ఉండగా, నీడలో కూర్చుని మొదలుపెట్టాలి. లోపల లైక్రా లెగ్గింగ్స్, పొడుగు చేతుల ఈత చొక్కా మీవే తెచ్చుకోండి. జారడానికి జారుతుంది, అద్దె సూట్ చర్మానికి తగలదు కూడా. సూట్లలో జనం ఏం చేస్తారో డైవింగ్ చేసేవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. ఇనుప తీగ ఉన్న బ్రా వద్దు, గుచ్చుకుంటుంది. కాళ్ళకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి దూర్చమని ఇంటర్నెట్‌లో చెబుతారు. అండమాన్‌లో కవర్లు నిషేధం, కాబట్టి పలచటి నైలాన్ సాక్సులు పట్టుకెళ్ళండి, అవీ అంతే పని చేస్తాయి.

మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. మెట్టెలు ముందే తీసేయాలి, లేకపోతే రబ్బరు చీరుకుపోతుంది. గాజులు, నల్లపూసలు, మంగళసూత్రం కూడా అంతే. నావన్నీ రుమాలులో మూటకట్టి మావారి చేతిలో పెట్టాను. మేం నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నారట.

సూట్‌ను నడుము దాకా తిరగేసి, చీలమండ దగ్గర సరిగ్గా కూర్చోబెట్టి, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా పైకి జరపాలి. పిక్క, మోకాలు, తొడ, ఈ వరసలో. గోళ్ళతో లాగితే అర్ధచంద్రాకారంలో చీలికలు పడతాయి, వేళ్ళ మెత్తటి భాగంతో గుప్పెడు రబ్బరు పట్టుకోవాలి. కాళ్ళ మధ్య ఖాళీ లేకుండా పైకి పట్టాకే తుంటి మీదికి ఎక్కించాలి. అందరూ తొందరపడేది ఇక్కడే. కింద రెండంగుళాలు వదిలేస్తే ఆ రెండంగుళాలే భుజం దగ్గర తక్కువవుతాయి, అప్పుడు జిప్ పడదు, నేనే లావు అని ఏడుస్తాం. తర్వాత చేతులు, భుజాలు, చివర్న జిప్. జడ పైకి ముడేసుకోండి. జారకపోతే నీళ్ళు కలిపిన హెయిర్ కండిషనర్ రాయొచ్చు, వాజలీన్ లాంటి పెట్రోలియం జెల్లీ మాత్రం నియోప్రీన్‌ను పాడుచేస్తుంది. నాకు మొత్తం పావుగంట పట్టింది. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా టైము చూసుకోలేదు.

ఇంకో సంగతి. నియోప్రీన్ తేలుతుంది, కొవ్వు కూడా తేలుతుంది. కాబట్టి మనకు నడుం బెల్టులో సీసం బరువులు కొంచెం ఎక్కువే పెడతారు. మా ఆడపడుచుకన్నా నాకు మూడు కిలోలు ఎక్కువ పడ్డాయి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, తక్కువ పెట్టించుకుంటే కిందికే దిగలేరు. బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు ముందిచ్చే ఆరోగ్య ఫారం నిజాయితీగా నింపండి, డాక్టరు సంతకం కావాలంటే ఇంటి దగ్గరే తెచ్చుకోండి.

నీమో రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర ఒడ్డు నుంచే నడిచి దిగాం. చేపలు బాగున్నాయి. నారింజరంగు క్లౌన్ చేపలు వాటి ఇంట్లోంచి తొంగిచూస్తూ నన్ను బెదిరించాయి. ఆడపడుచు రెండుసార్లు చెవి నొప్పని పైకి వచ్చింది, నాకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఈ మాట తనకు అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాను. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు, కనీసం 18 గంటలు ఆగమన్నారు కాబట్టి తిరుగు టికెట్టు దాన్నిబట్టి తీసుకోండి.

బయటికొచ్చాక విపరీతమైన ఆకలి. బజార్లో ఒక బెంగాలీ కుటుంబం నడిపే చిన్న హోటల్లో ఆవపిండి చేప కూర, అన్నం, పప్పు, వంకాయ వేపుడు, 250 రూపాయలు. ఈ దీవిలో ఎక్కువమంది తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలవాళ్ళే, రిసార్టుల్లో 900 పెట్టి తినే బఫేలకన్నా వాళ్ళ వంటే నయం. రెండు రోజులుగా ముఖం మాడ్చుకున్న మావారు అక్కడ రెండోసారి అన్నం పెట్టించుకుని, వచ్చేసారి నీళ్ళ మీదే తేలుతూ కిందికి చూసే స్నార్కెలింగ్ వరకు ఆలోచిస్తానన్నారు.

నేను వచ్చే శీతాకాలం 18 మీటర్ల దాకా దిగనిచ్చే ఓపెన్ వాటర్ కోర్సు చేద్దామనుకుంటున్నాను, ఆ చెన్నై అమ్మాయి దగ్గరే. 29,000 చెప్పింది. ముందు జిప్ సూట్ ఒకటి సొంతంగా కొనుక్కుంటాను, రెండు కిలోల లోపే ఉంటుంది కాబట్టి విమానం సామానులో పట్టేస్తుంది. మొదటి షాపుకి నా వెయ్యి గురించి మూడు మెసేజ్‌లు పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, డబ్బు మాత్రం పడలేదు.